చేతుల చరిత్ర – 7: చీపురు పట్టుకుని గ్యారేజీలో తిరిగిన మెకానిక్



పోయిన భాగంలో మోట బొక్కెన మీద రాశాను. తోలు ఎంత నానాలి, ఎక్కడ కోయాలి, కుట్టు ఎంత బిగించాలి అన్న లెక్క మాదిగ చేతిలో ఉండబట్టే బావిలో నీళ్ళు పొలానికి చేరాయని. చాలామంది మంచి మాటలు రాశారు. మా కాలేజీ దగ్గరి హాస్టల్లో ఉండే ఒక కుర్రాడు మాత్రం ఇన్‌బాక్సులోకి వచ్చి "సార్, ఎప్పుడూ పాత పనిముట్లేనా? ఇంజన్ల మీద రాయండి సార్" అన్నాడు. ఆటోమొబైల్ డిప్లొమా చివరి సంవత్సరం. తర్వాత నన్ను కలవడానికి వచ్చి ఫోన్ చూపించాడు. వాల్‌పేపర్ మీద ఒక పాత ఫోర్డు కారు. బానెట్టు లేదు, ఇంజను మొత్తం బయటికే, పైన వరసగా మూడు కార్బురేటర్లు. "హాట్ రాడ్ సార్" అన్నాడు, కొత్తగా పుట్టిన మేనకోడలి ఫొటో చూపించినంత ముద్దుగా.

ఆ రోజు వాడు వచ్చింది కారు చూపించడానికి కాదు. అప్రెంటిస్ దరఖాస్తు మీద నా సంతకం కావాలి. అందులో 'అనుభవం' అన్న గడిలో 'హెల్పర్, 2 సంవత్సరాలు' అని రాసుకున్నాడు. రెండేళ్ళుగా సాయంత్రాలు షెడ్డుకి వెళ్ళి ఇంజను దించి, విప్పి, రింగులు మార్చి, మళ్ళీ ఎక్కిస్తున్నవాడు. హెల్పర్ అని ఎందుకు రాశావురా అంటే, "బిల్లు మీద మేస్త్రి పేరే ఉంటది కదా సార్" అన్నాడు.

సంతకం పెట్టకుండా పంపించాను. మళ్ళీ రమ్మన్నాను. ఈ వ్యాసం వాడి కోసం రాస్తున్నది. మిగతావాళ్ళు కూడా చదవచ్చు.

ముందు హాట్ రాడ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908 నుంచి 1927 దాకా మోడల్ టీ అనే కారు తయారు చేశాడు. కోటీ యాభై లక్షల కార్లు. మొదట 850 డాలర్లున్న ధర 1920ల మధ్యకు వచ్చేసరికి 300 కన్నా దిగిపోయింది. ఇన్ని కార్లు అమ్ముడయ్యాక ఏమవుతుంది? పాతబడి పాత సామాన్ల దుకాణాలకు చేరతాయి. డబ్బులేని కుర్రాళ్ళు వాటిని తెచ్చుకుని, మడ్‌గార్డులు పీకేసి, బరువు తగ్గించి, ఇంజన్ని ఇంకాస్త బలంగా చేసుకుని పరుగెత్తించారు. కొత్త వేగం కొనుక్కునే స్తోమత లేనివాళ్ళు పాత ఇనుములోంచి దాన్ని తీయడమే ఆ విద్య. హాట్ రాడ్ అన్న పేరు తర్వాతెప్పుడో, రెండో ప్రపంచ యుద్ధం నాటికి స్థిరపడింది.

మోడల్ టీ ఇంజను శక్తి 20 హార్స్‌పవర్. ఈ రోజు మనం నడిపే చాలా బుల్లెట్ బండ్లు కూడా అంతే ఇస్తాయి. అంత పెద్ద ఇంజనుకి అంత తక్కువ శక్తి ఎందుకు? వాల్వులు పక్కన ఉంటాయి గనక. సిలిండరు పక్కన, కింద బ్లాకులో వాల్వులు. గాలీ పెట్రోలూ కలిసిన పొగ కింది నుంచి పైకొచ్చి, వంపు తిరిగి, అప్పుడు సిలిండర్లోకి దిగాలి. కాలిన పొగ మళ్ళీ అదే వంకరదారిలో బయటికి పోవాలి. ముక్కు మూసుకుని పరుగెత్తమన్నట్టు. అందుకని కొందరు తెలివైనవాళ్ళు కొత్త హెడ్డు పోత పోశారు. అసలు హెడ్డు దించేసి దీన్ని బిగిస్తే వాల్వులు సిలిండరు పైకే వచ్చేస్తాయి. పొగ తిన్నగా దిగుతుంది. ఇంజను ఊపిరి పీల్చుకుంటుంది. అలాంటి వాటిల్లో పేరున్నది 'రాజో' హెడ్డు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని రాసీన్ ఊళ్ళో జో యాగర్స్‌బర్గర్ అనే ఆస్ట్రియా నుంచి వచ్చిన రేసర్ తయారు చేశాడు. రాసీన్‌లో రా, జో కలిపి రాజో. మన రాజు కాదు!

ఇక హాట్ రాడ్ చరిత్ర పుస్తకం తెరిస్తే వచ్చే వరస ఇది. 1932లో ఫోర్డు చవకలో వీ8 ఇంజను తెచ్చాడు, 65 హార్స్‌పవర్. దానికీ వాల్వులు పక్కనే. పైగా కాలిన పొగ బ్లాకు మధ్యలోంచి, నీళ్ళ దారుల పక్కగా బయటికి పోవడం వల్ల ఊరికే వేడెక్కేది. అయినా చవక, దొరుకుతుంది, బాగుచేసుకోవచ్చు. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళు మొహావీ ఎడారిలో మ్యూరాక్ అనే ఎండిపోయిన చెరువు మీద, బల్లపరుపు నేల కాబట్టి, గడియారం పెట్టుకుని వేగం కొలుచుకున్నారు. 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నారు. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ 'హాట్ రాడ్' పత్రిక మొదలుపెట్టాడు. 1949లో బానవిల్ ఉప్పు మైదానం మీద మొదటి స్పీడ్ వీక్. 1951లో ఆ పత్రిక సంపాదకుడు వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టాడు. ఇదంతా నిజమే. ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు. ఫొటోలు చూడండి, తెల్ల కుర్రాళ్ళే ఎక్కువ కనపడతారు.

సాహిత్య చరిత్రలు చదివి చదివి నాకొక అలవాటైంది. వరస మరీ సాఫీగా ఉంటే, ఇందులో అమ్మిందెవరు, బిగించిందెవరు, తుడిచిందెవరు అని వెతుకుతాను. రాజో హెడ్డు విషయంలో కూడా అదే చేశాను. లాస్ ఏంజిల్స్‌లో ఆ హెడ్లు అమ్మి ఆ పేరే తన పేరు చేసుకున్న మనిషి ఒకడున్నాడు. రాజో జాక్. అసలు పేరు డూయీ గాట్సన్. 1905లో టెక్సాస్‌లోని టైలర్‌లో పుట్టిన నల్లజాతి మనిషి. ఊరూరా తిరిగి మందులమ్మే ఒక బృందంలో కూలీగా చేరి, వాళ్ళ బండ్లు బాగుచేస్తూ మెకానిక్ అయ్యాడు. తర్వాత తనే కార్లు తయారు చేసుకుని పందేల్లో నడిపాడు. 1936లో లాస్ ఏంజిల్స్ మైన్స్ ఫీల్డులో, ఇప్పుడు అక్కడ పెద్ద విమానాశ్రయం ఉంది, 200 మైళ్ళ పందెం గెలిచాడు.

కానీ పెద్ద పందేలు అతనికి లేవు. ఆ రోజుల్లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ పందేల బోర్డు చేతిలోనే పెద్ద ట్రాకులన్నీ ఉండేవి. ఆ బోర్డు నల్లవాళ్ళకు లైసెన్సు ఇచ్చేది కాదు. కాబట్టి రాజో జాక్ ఆ బోర్డు పరిధిలో లేని ట్రాకుల మీద నడిపాడు. కొన్నిచోట్ల తను పోర్చుగీసు వాడినని చెప్పుకున్నాడు. పేరు కూడా జాక్ డిసోటో అని మార్చుకున్నాడు. ఇంటిపేరు అడగ్గానే గొంతు తడారిపోయి, పక్క ఊరి పేరో, ఇంకెవరి ఇంటిపేరో చెప్పిన వాళ్ళు ఇది చదువుతున్న వాళ్ళలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. అద్దె ఇంటి కోసం నేనూ ఒకసారి చెప్పాను. దాని గురించి ఇంకెప్పుడైనా.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తాను. చార్లీ విగ్గిన్స్.

1897లో ఇండియానా రాష్ట్రం ఎవాన్స్‌విల్‌లో పుట్టాడు. చిన్నప్పుడు ఒక కార్ల షెడ్డు బయట బూట్లు పాలిష్ చేసేవాడు. పాలిష్ చేస్తూ చేస్తూ లోపలికి చూసేవాడు. చూసి చూసి లోపలికి వెళ్ళాడు, పని నేర్చుకున్నాడు. 1920ల మొదట్లో భార్య రాబర్టాతో ఇండియానాపొలిస్‌కి మారాడు. ఆ ఊరంటే అమెరికాలో కార్ల పందేలకు తిరుపతి లాంటిది. ఏటా మే నెలాఖర్లో 500 మైళ్ళ పందెం జరిగేది అక్కడే. అక్కడ సొంత గ్యారేజీ నడిపి, ఊళ్ళో పేరున్న మెకానిక్ అయ్యాడు. పాత సామాన్ల దుకాణాల్లో ఏరుకొచ్చిన భాగాలతో తన రేసు కారు తనే కట్టుకున్నాడు. దానికి 'విగ్గిన్స్ స్పెషల్' అని పేరు. హాట్ రాడ్ అన్న మాట ఇంకా పుట్టలేదు గానీ, ఆ పని అదే.

ఇది ఏ కాలమో గమనించాలి. 1920ల ఇండియానాలో కూ క్లక్స్ క్లాన్ రాష్ట్రాన్నే గుప్పెట్లో పెట్టుకుంది. 1924 ఎన్నికల్లో క్లాన్ మద్దతుతో నిలబడిన ఎడ్ జాక్సన్ గవర్నరు అయ్యాడు. సరిగ్గా అదే ఏడాది ఆగస్టు 2న, అదే ఊళ్ళో, స్టేట్ ఫెయిర్ మైదానంలోని మైలు పొడవు మట్టి ట్రాకు మీద నల్లజాతి డ్రైవర్లు 100 మైళ్ళ పందెం పెట్టుకున్నారు. గోల్డ్ అండ్ గ్లోరీ స్వీప్‌స్టేక్స్. నల్లజాతి వ్యాపారి విలియం రక్కర్ దాన్ని నడిపించిన వాళ్ళలో ఒకడు. 'షికాగో డిఫెండర్' పత్రికలో ఆటల విలేకరి ఫ్రాంక్ యంగ్ దాని గురించి ఊరూరికీ తెలిసేలా రాశాడు. మీరు రానివ్వకపోతే మా పందెం మేం పెట్టుకుంటాం అన్నమాట.

మట్టి ట్రాకంటే ముందు కారు లేపిన దుమ్ములో వెనక కారు డ్రైవరుకి దారి కనపడదు. నూరు మైళ్ళు ఆ దుమ్ములోనే. ఆ పందేన్ని విగ్గిన్స్ నాలుగు సార్లు గెలిచాడు. నల్లజాతి పత్రికలు అతన్ని వేగానికి రాజు అన్నాయి. ఊళ్ళో తెల్ల రేసర్లకు కూడా అతని చెయ్యి ఎలాంటిదో తెలుసు. తెలిసినా అతనికి 500 మైళ్ళ పందెం ట్రాకు మీద కాలు పెట్టే హక్కు లేదు. డ్రైవరుగా లేదు, మెకానిక్‌గానూ లేదు.

1934లో బిల్ కమింగ్స్ అనే తెల్ల రేసరు ఆ పందేనికి సిద్ధమవుతున్నాడు. ఆ ఏడు ఒక నిబంధన పెట్టారు. 500 మైళ్ళకి 45 గ్యాలన్లకు మించి పెట్రోలు వాడకూడదు. అంటే గ్యాలనుకి పదకొండు మైళ్ళు రావాలి, వేగం కూడా తగ్గకూడదు. ఇంజను శుద్ధిగా కుదరకపోతే చివరి మైళ్ళలో ట్యాంకు ఎండిపోతుంది. కమింగ్స్‌కి విగ్గిన్స్ కావాలి. కానీ నల్లవాడు గ్యారేజీలో మెకానిక్‌గా కనపడకూడదు. అప్పుడేం చేశారు? విగ్గిన్స్‌ని ఊడ్చేవాడిగా పెట్టుకున్నారు. పగలంతా చీపురు పట్టుకుని గ్యారేజీ ఊడ్చాడు. రాత్రి అందరూ వెళ్ళాక ఇంజను మీద పని చేశాడు.

కమింగ్స్ ఆ పందెం గెలిచాడు. గంటకు సగటున 104.863 మైళ్ళు, అప్పటికి అదే రికార్డు. రెండోవాడికీ అతనికీ మధ్య తేడా 27 సెకన్లు. దశాంశాల దాకా రాసిపెట్టారు చూడండి. కారు పేరుంది, యజమాని పేరుంది. ఊడ్చినవాడి పేరు లేదు. ఊడ్చినవాడి పేరు ఎక్కడైనా ఎందుకుంటుంది?

నేనిక్కడ ఆగి ఒకమాట చెప్పాలి. ఆ గెలుపు మొత్తం విగ్గిన్స్‌దే అని నేననడం లేదు. డ్రైవరుంటాడు, ఇంజను తయారు చేసినవాళ్ళుంటారు, ఇంకా చాలామంది ఉంటారు. నన్ను నిలబెట్టింది చీపురు. ఆ గ్యారేజీలో నల్లవాడు ఉండకూడదన్న నియమం నిజంగా నల్లవాడు ఉండకూడదన్నది కాదు. నల్లవాడు పనివాడుగా ఉండొచ్చు, పని తెలిసినవాడుగా ఉండకూడదు. చీపురు పట్టుకుంటే అతను ఎవరికీ కనపడడు. స్పానర్ పట్టుకుంటేనే గొడవ. మన ఊళ్ళలో పెళ్ళికి డప్పు కావాలి, డప్పు మీద జతులు ఎవరు కట్టారన్న ప్రశ్న అక్కర్లేదు. అలాగని రెండూ ఒకటే అని అతికించేసే తొందర కూడా నాకు లేదు. జాతి వేరు, కులం వేరు, అక్కడి చట్టం వేరు, ఇక్కడి శాస్త్రం వేరు. 1946లో బాబాసాహెబ్ డుబాయిస్‌కి ఉత్తరం రాసి ఐక్యరాజ్యసమితికి నల్లజాతివాళ్ళు ఇచ్చిన విజ్ఞప్తి ప్రతులు పంపమని అడిగాడు. ఆయన ముందు కాగితాలు తెప్పించుకున్నాడు. మనం కూడా ముందు కాగితాలు చదువుదాం, పోలికలు తర్వాత.

1936 గోల్డ్ అండ్ గ్లోరీలో చాలా కార్లు ఒకదానికొకటి గుద్దుకున్నాయి. విగ్గిన్స్ కాలు పోయింది. ఆ పందేలు కూడా ఆ ఏడుతోనే ఆగిపోయాయి. అతను చెక్కతో తన కాలు తనే చేసుకుని మళ్ళీ గ్యారేజీకి వెళ్ళాడు. ఇంకా నలభై ఏళ్ళకు పైగా బతికి, కుర్రాళ్ళకు పని నేర్పి, 1979లో చనిపోయాడు. చాలాకాలం అతని సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. ఆ 500 మైళ్ళ పందెంలో మొదటి నల్లజాతి డ్రైవరు విల్లీ టీ రిబ్స్ నడిపింది 1991లో.

ఇంకో మనిషిని క్లుప్తంగా పరిచయం చేస్తాను, ఎందుకంటే విగ్గిన్స్ కథ విని "అది పాతకాలం" అనేవాళ్ళుంటారు. వెండెల్ స్కాట్. వర్జీనియాలోని డాన్‌విల్. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో మెకానిక్. ఇంటికొచ్చాక టాక్సీ, సొంత గ్యారేజీ, దానితోపాటు దొంగసారా రవాణా. నవ్వకండి. ఆ దొంగసారా కార్లే దక్షిణాది హాట్ రాడ్లు. బయటికి మామూలు ఫోర్డు, లోపల పోలీసులకు అందని ఇంజను. 1952లో పందేల నిర్వాహకులు ఒక నల్ల డ్రైవరు కోసం, టికెట్లు అమ్ముడుపోవడానికే లెండి, వెతుకుతూ పోలీసుల్ని అడిగితే, వాళ్ళు చెప్పిన పేరు ఇతనిదే. తాము తరిమిన మనిషి నైపుణ్యానికి పోలీసులే సర్టిఫికెట్ ఇచ్చారు.

1963 డిసెంబర్ 1న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో స్కాట్ రెండు చుట్ల తేడాతో ముందున్నాడు. గెలుపు జెండా అతనికి ఊపలేదు. బక్ బేకర్ అనే తెల్ల డ్రైవర్ని విజేత అన్నారు, ట్రోఫీ అతని చేతికిచ్చారు, ఫొటోలు తీశారు. జనమంతా ఇళ్ళకు వెళ్ళాక, కొన్ని గంటల తర్వాత, లెక్కలో పొరపాటు జరిగింది, గెలిచింది నువ్వే అన్నారు. ట్రోఫీ అప్పటికే వెళ్ళిపోయింది. స్కాట్ 1990లో చనిపోయాడు. ఆ పందెం ట్రోఫీ అతని కుటుంబానికి అందింది 2021 ఆగస్టులో. 58 ఏళ్ళు. ఈ మనిషి 495 పెద్ద పందేల్లో నడిపాడు. చాలాసార్లు మెకానిక్ కూడా తనే, సాయానికి కొడుకులు.

మోటార్ సైకిళ్ళు ఇష్టమున్నవాళ్ళకి ఒకటి: 1969 నాటి 'ఈజీ రైడర్' సినిమాలో అమెరికా జెండా రంగులున్న ఆ పొడవాటి బండి గుర్తుందా? దాని తయారీ వెనకున్నది క్లిఫ్ వాస్, బెన్ హార్డీ అనే ఇద్దరు నల్లజాతి మనుషులు. వాస్ పౌరహక్కుల ఉద్యమంలో పనిచేసినవాడు కూడా. సినిమా టైటిల్స్‌లో పేర్లు లేవు. బండి పోస్టరు మాత్రం ఇప్పటికీ బైకు షాపుల గోడల మీద ఉంటుంది.

విగ్గిన్స్ మనకు ఎలా దక్కాడు? నల్లజాతి పత్రికలు రాసుకోబట్టి. కమింగ్స్ పందెం కాగితాల్లో లేని మనిషి 'డిఫెండర్' కాగితాల్లో ఉన్నాడు. మనకీ అలాంటిది ఉండేది. చిందు మాదిగలు జాంబ పురాణం ఆడినప్పుడల్లా తోలు పని ఎలా పుట్టిందో, అది ఎంత గొప్ప పనో ఊరి మధ్య నిలబడి చెప్పారు. అయితే అది తోలుతో ఆగింది. ఇంజను దగ్గరికి వచ్చేసరికి మనకి ఏ పురాణమూ లేదు. నా పీహెచ్‌డీ కోసం చదివిన వందల కథల్లో లారీ డ్రైవర్లున్నారు, క్లీనర్లున్నారు. ఇంజను విప్పే మనిషి, విప్పుతూ ఆలోచించే మనిషి నాకు గుర్తున్నంతవరకు వేళ్ళ మీద లెక్క.

నా ఇంట్లోనే ఒకాయన ఉన్నాడు. మా మేనమామ. ముప్ఫై రెండేళ్ళు లారీ షెడ్డులో పని. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. డాక్టరు లాగే. వాల్వు చప్పుడో, బేరింగు చప్పుడో, ఏ సిలిండరో చెప్పేసేవాడు. నేను చిన్నప్పుడు సెలవుల్లో వెళ్ళి గంటలు గంటలు చూసేవాడిని. ఒకసారి ఎవరో ఆసామి కొత్త లారీ తెచ్చాడు. ముగ్గురు చూసి ఇంజను మొత్తం దించాలన్నారు. మావయ్య విని, నాజిల్ పైపుల నట్లు ఒక్కోటి లూజు చేసుకుంటూ పోయాడు. మూడోది వదులు చేసినా ఇంజను చప్పుడు మారలేదు. "ఇదే పనిచేయట్లా" అన్నాడు. నాజిల్ మార్చాడు, బండి వెళ్ళిపోయింది. ఆసామి సంతోషించి షెడ్డు ఓనరుకి శాలువా కప్పాడు. అదే వారం ఓనరు ఇంట్లో గృహప్రవేశం. షెడ్డులో అందరినీ పిలిచారు. మావయ్య భోజనం విస్తరి వెనక పశువుల కొట్టం దగ్గర వేశారు. నాకు తొమ్మిదేళ్ళు, పక్కనే కూర్చుని తిన్నాను. లడ్డూ బాగుందని ఇంకోటి అడిగాను కూడా. ఆ లడ్డూ ఇప్పటికీ గొంతులో ఉంది.

ఆయన రేషన్ కార్డులో వృత్తి అన్నచోట 'కూలి' అని ఉంటుంది.

ఆ కుర్రాడు మొన్న మళ్ళీ వచ్చాడు. దరఖాస్తు కొత్తది తెచ్చాడు. ఆ గడిలో 'డీజిల్ ఇంజను ఓవర్‌హాలింగ్, రెండేళ్ళు' అని రాశాడు. కింద ఏయే బండ్లు, ఏయే పనులు అని వరసగా పద్నాలుగు. సంతకం పెట్టాను. వాళ్ళు పిలుస్తారో లేదో నాకు తెలియదు.

ఈ ఆదివారం ఇద్దరం కలిసి మావయ్య ఇంటికి వెళ్తున్నాం. ఫోన్ చేసి చెప్తే, "నన్నేం అడుగుతార్రా అల్లుడూ, నాకేం తెలుసని" అన్నాడు. రికార్డరు ఆన్ చేసి కూర్చుంటాను. మొదటి ప్రశ్న కుర్రాడే రాసిచ్చాడు: నాజిల్ చెడిన చప్పుడుకీ, వాల్వు కాలిన చప్పుడుకీ తేడా చెవికి ఎలా తెలుస్తుంది?

జవాబు ఎనిమిదో భాగంలో.